లోథల్ గుండ్రని ముద్ర, బహ్రెయిన్ బుడిపె ముద్రలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో గుజరాత్‌లోని సింధు నాగరికత కాలపు పట్టణమైన లోథల్ గురించి వచ్చిన ఒక ప్రశ్నకు జవాబిస్తూ, అక్కడ గల్ఫ్ తీరపు ముద్ర ఒకటి దొరికిందని ఒక్క వాక్యంలో రాసి వదిలేశాను. ఆ వాక్యాన్ని పట్టుకుని చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలను ఎంచి ఈ నెల జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. చాలా ఏళ్లుగా మనామాలో పనిచేస్తున్నాను. ఇక్కడి జాతీయ మ్యూజియంలో రూపాయి బిళ్లంత గుండ్రని రాతి ముద్రలు చూశాను. బహ్రెయిన్‌కు సింధు నాగరికతతో వర్తకం ఉండేదనడానికి అవి సాక్ష్యమని విన్నాను. చిన్న రాయి ఒకటి పరదేశంలో దొరికినంత మాత్రాన రెండు దేశాల మధ్య వర్తకం జరిగిందని ఎలా చెప్పగలరు? ఎవరో బాటసారి మూటలో కట్టుకుని వచ్చి ఉండవచ్చు కదా? (ఒక పాఠకుడు, మనామా)

జవాబు: మీ అనుమానం న్యాయమైనది. పురావస్తు పరిశోధకులు కూడా మొదట వేసుకునే ప్రశ్న ఇదే. ముద్ర ఒక్కటి దూరదేశంలో దొరికితే, ఆ రాయి అంత దూరం వచ్చిందన్న సంగతి మాత్రమే తెలుస్తుంది. అది తాయెత్తుగా వచ్చి ఉండవచ్చు, దొంగసొత్తుగా వచ్చి ఉండవచ్చు, ఎవరి మెడలోనో పూసలతోపాటు వేలాడుతూ వచ్చి ఉండవచ్చు. అందువల్ల ముద్రల విషయంలో నేను రాతి కంటే మట్టిని ఎక్కువగా నమ్ముతాను. కారణం చెప్పాలంటే ముద్ర చేసే పని ఏమిటో ముందు చెప్పుకోవాలి.

మన ప్రాంతపు తామ్రశాసనాలను మ్యూజియంలలో చూసినవారికి ఒక విషయం గుర్తుండి ఉంటుంది. రాగిరేకులన్నింటినీ ఒక కడియానికి గుచ్చి, ఆ కడియం రెండు కొసలు కలిసేచోట రాజముద్ర వేసేవారు. తూర్పు చాళుక్యుల ముద్ర మీద వరాహం, అంకుశం, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న అక్షరాలు కనిపిస్తాయి. ముద్రను పగలగొట్టకుండా ఎవరూ ఒక రేకు తీసి మరొక రేకు చేర్చలేరు. కల్లంలో ధాన్యపు రాశి మీద తడిమట్టి పెట్టి చెక్కముద్ర ఒత్తే పాత అలవాటులోనూ ఉన్నది ఇదే. యజమాని కళ్లెదుట లేని వేళ సరుకుకు ముద్ర కాపలా కాస్తుంది. నాలుగున్నర వేల ఏళ్ల కిందట సింధు, గల్ఫ్, మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) ప్రాంతాలలో కూడా ముద్రకు ఇదే పని. మూటకు తాడు కట్టి, ముడి మీద తడిమట్టి ముద్ద అద్ది, దాని మీద ముద్ర ఒత్తేవారు. మూట చేరవలసిన చోటికి చేరాక మట్టిని పగలగొట్టి పారేసేవారు.

అలా పారేసిన మట్టిముద్ద దొరికితే దానికి రెండు ముఖాలుంటాయి. ముందువైపు ముద్ర అచ్చు, వెనకవైపు అది అంటుకుని ఉన్న వస్తువు అచ్చు. లోథల్‌లో ఎస్.ఆర్. రావు 1955 నుంచి 1962 వరకు జరిపిన తవ్వకాలలో, గిడ్డంగి అని ఆయన గుర్తించిన కట్టడంలో, ఇటువంటి మట్టిముద్దలు అరవైకి పైగా దొరికాయి. వాటి వెనకవైపు నేసిన గుడ్డ, రెల్లు చాప, పేనిన తాడు అచ్చులు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. మామూలుగా ఎండి పొడైపోవలసిన ఆ మట్టి, గిడ్డంగి అగ్నిప్రమాదానికి లోనవడం వల్ల ఇటుకలా కాలి మనదాకా మిగిలింది. వాటి మీద ఉన్నవి సింధు ముద్రలే కాబట్టి, అక్కడ సరుకు మూటగట్టి ముద్ర వేసే పద్ధతి ఉండేదని మాత్రమే అవి చెబుతాయి; సముద్రం దాటిన సంగతి చెప్పవు. ఆ సంగతి చెప్పే మట్టిముద్ద వేరే ఉంది. దక్షిణ ఇరాక్‌లోని ఉమ్మా అనే పురాతన నగరం నుంచి వచ్చిందని చెప్పే ఒక మట్టిముద్దను 1925లో ప్రకటించారు. ముందువైపు సింధు ముద్ర అచ్చు, వెనకవైపు గుడ్డ అచ్చు ఉన్నాయి. సింధు ముద్రగల ఒక వ్యక్తి గుడ్డతో చుట్టిన సరుకును కట్టి ముద్ర వేశాడు. ఆ కట్టు ఇరాక్‌లో విప్పారు. మూటలో పడి వచ్చిన రాయి అన్న అనుమానానికి ఇక్కడ చోటు లేదు. ఈ విషయంలో ఉన్న సాక్ష్యాలన్నిటిలో నా మనసుకు అతి దగ్గరైనది ఈ చిన్న మట్టిపెళ్లే.

ఇప్పుడు మీరు చూసిన ముద్రల దగ్గరికి వద్దాం. ఈసారి వెళ్లినప్పుడు, వెనకవైపు కనిపించేలా పెట్టిన ముద్ర ఏదైనా ఉంటే తప్పక గమనించండి. తాడు దూర్చడానికి మలిచిన బుడిపె ఎత్తుగా ఉండి, దాని మీద ఒకే గాడి ఉంటే అది పాత రకం, క్రీ.పూ. 2100-2000 ప్రాంతానిది. బుడిపె పలచగా ఉండి, మూడు సమాంతర గాళ్లు, వాటికి అటూ ఇటూ చుక్కచుట్టూ గుండ్రని గీత ఉన్న గుర్తులు నాలుగు ఉంటే అది దిల్మున్ ముద్ర, క్రీ.పూ. 2000 తరువాతిది. దిల్మున్ అంటే మీరు ఇప్పుడున్న బహ్రెయిన్, దానితోపాటు కువైట్‌కు చెందిన ఫైలకా దీవి. డెన్మార్క్ బృందానికి చెందిన పి.వి. గ్లోబ్, జెఫ్రీ బిబీ 1950లలో బహ్రెయిన్‌లోనూ, వారి బృందం 1958 నుంచి ఫైలకాలోనూ జరిపిన తవ్వకాల తరువాతే ఈ ముద్రల సొంత ఊరు ఏదో తేలింది. ఒక్క ఫైలకాలోనే నాలుగు వందలకు పైగా ముద్రలు దొరికాయి.

అంతకుముందు ఈ గుండ్రని ముద్రలు ఎవరివో తెలియక పండితులు చాలా తికమకపడ్డారు. దక్షిణ ఇరాక్‌లోని ఊర్ నగరంలో లియొనార్డ్ వూలీ తవ్వకాలలో బయటపడినవాటితో కలిపి, భారతీయ శైలి ముద్రలు 18 ఉన్నాయని సి.జె. గాడ్ 1932లో ఒక వ్యాసంలో వివరించారు. వాటిలో ఎక్కువ చతురస్రం కాదు, గుండ్రనివి. సింధు లోయలో ముద్ర అంటే దాదాపు ఎప్పుడూ చతురస్రమే. గుండ్రని రాతి మీద తలవంచిన పొట్టికొమ్ముల ఎద్దు, దాని పైన సింధు లిపి గుర్తులు చెక్కి ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే, గుర్తులు సింధు లిపివే అయినా వాటిలో కొన్ని వరుసలు మన దేశంలోని ముద్రల మీద కనిపించవు. అంటే, ఇక్కడి నుంచి వెళ్లి గల్ఫ్‌లో స్థిరపడినవారు తమ లిపితో అక్కడి పేర్లనో అక్కడి భాషనో రాసుకున్నారని పరిశోధకులు ఊహిస్తున్నారు. ముద్ర ఆకారం అక్కడిది, రాత ఇక్కడిది. ఒకసారి వచ్చిపోయే బాటసారి వల్ల ఇటువంటి కలగలుపు పుట్టదు. అక్కడే కాపురముండి, అక్కడి వర్తకులతో ఏళ్ల తరబడి లెక్కలు చూసుకున్నవారి వల్లనే పుడుతుంది. జగిత్యాల నుంచి వెళ్లి మనామాలో ఏళ్లుగా ఉంటున్న మీకు ఈ సంగతి నాకంటే బాగా అర్థమవుతుందనుకుంటాను.

ఎదురు దిశలో వచ్చిన ముద్ర లోథల్‌లో దొరికినది. దాని మీద జింకల వంటి రెండు జంతువులు, మధ్యలో రెండు తలల సర్పం వంటి రూపం ఉన్నాయి. అది అచ్చంగా గల్ఫ్ పనితనం. ఎస్.ఆర్. రావు 1963లో దీన్ని ప్రకటించారు. అయితే అది తవ్వకపు పొరలో కాక దిబ్బ ఉపరితలం మీద దొరికిందన్న విషయం మరువకూడదు. పొర తెలియని వస్తువుకు కాలం కచ్చితంగా కట్టలేము. ముద్ర ఒక్కటే ఆధారమై ఉంటే నేనూ మీలాగే సందేహించేవాణ్ని.

కాని దానికి తోడు తూకపురాళ్లున్నాయి. సింధు నగరాలలో చెర్ట్ అనే గట్టి రాతితో నున్నగా చేసిన ఘనాకారపు తూకాలు వాడేవారు. అవి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అన్న వరుసలో రెట్టింపవుతూ పోతాయి. వాటిలో పదహారు రెట్ల తూకం సుమారు 13.7 గ్రాములు. అవే తూకాలు బహ్రెయిన్‌లో, మీకు దగ్గరలోనే ఉన్న కలాత్ అల్ బహ్రెయిన్ దిబ్బలో దొరికాయి. ఊర్‌లో దొరికిన ఒక మట్టిపలకలో దిల్మున్ తూకంలో కొన్న రాగిని ఊర్ తూకంలోకి మార్చి లెక్క రాశారు. ఆ లెక్కను బట్టి కట్టి చూస్తే, దిల్మున్ మినా అనే ప్రమాణం ఆ 13.7 గ్రాములకు సుమారు వంద రెట్లు వస్తుంది. ఒక దేశపు ముద్ర మరొక దేశానికి కాకతాళీయంగా పోవచ్చు. కాని ఒక దేశం తన రాగిని తూచడానికి మరొక దేశపు తూకాన్ని వాడుతున్నదంటే, ఆ రెండింటి మధ్య సరుకు తరచుగా చేతులు మారుతూ ఉండాలి.

ప్రశ్న: మెసొపొటేమియా శాసనాలలో కనిపించే మెలుహ్హా మన సింధు ప్రాంతమే అని పాఠ్యపుస్తకాలలో చెబుతున్నాము. ఇది నిశ్చయమా, ఊహా? (ఒక ఉపాధ్యాయిని, విజయవాడ)

జవాబు: మెలుహ్హా పేరును సింధు ప్రాంతంలో దొరికిన ఏ రాత మీదా ఎవరూ చదవలేదు, ఆ రాతను చదవడమే ఇంకా రాలేదు. కాబట్టి నిర్ధారణ అంతా అవతలి ఒడ్డు నుంచి వచ్చినదే. అయినప్పటికీ ఊహ అనేంత బలహీనమైనది కాదు.

మెసొపొటేమియాలోని అక్కాద్ రాజు సర్గోను, క్రీ.పూ. 2300 ప్రాంతంలో, మెలుహ్హా ఓడలనూ మగాన్ ఓడలనూ దిల్మున్ ఓడలనూ అక్కాద్ రేవులో కట్టించానని ఘనంగా చెప్పుకున్నాడు. దిల్మున్ బహ్రెయిన్, మగాన్ ఒమాన్ ప్రాంతం అయితే, మెలుహ్హా వాటికి ఆవల ఉన్నది. అక్కడి నుంచి వచ్చినవని శాసనాలు చెప్పే సరుకులలో ఎర్రని కార్నీలియన్ రాయి, ఏనుగు దంతం, మేలురకం కలప ఉన్నాయి. ఊర్ రాజసమాధులలో దొరికిన పొడవైన కార్నీలియన్ పూసలూ, తెల్లని గీతలు వేసి కాల్చిన కార్నీలియన్ పూసలూ సింధు పనివారి చేతి పనేనని ఇప్పుడు అందరూ అంగీకరిస్తున్నారు. సింధు పట్టణమైన చన్హుదారోలో అటువంటి పూసలు తొలిచిన కార్ఖానాలు బయటపడ్డాయి.

మీ విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యాలు రెండున్నాయి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో అక్కాద్ కాలపు దొర్లింపు ముద్ర ఒకటి ఉంది. దొర్లింపు ముద్ర అంటే చిన్న రోకలి ముక్కలా ఉండి, తడిమట్టి మీద దొర్లిస్తే బొమ్మ వరుసగా పడేది. దాని మీద 'షు-ఇలిషు, మెలుహ్హా భాషకు దుబాసి' అని రాసి ఉంది. పెద్దమనిషి ఒకరు కూర్చుని ఉండగా ఎదుట ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరి చేతిలో మేకపిల్ల వంటి జంతువు ఉంది. కూర్చున్న మనిషి ఒడిలో ఒక చిన్న ఆకారం ఉంది. ఆ బొమ్మకు అర్థం చెప్పడంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. కాని దుబాసి అన్న మాటలో అర్థభేదం లేదు. మెలుహ్హా భాషను తర్జుమా చేయడమే వృత్తిగా బతికి, ఆ వృత్తి పేరును సొంత ముద్ర మీద చెక్కించుకున్న మనిషి ఉన్నాడంటే, తర్జుమా అవసరమయ్యేంత మంది మెలుహ్హావారు అక్కడికి వస్తూ పోతూ ఉండి ఉండాలి. ఈ ముద్ర తవ్వకంలో కాక పాత సేకరణ ఒకదాని ద్వారా మ్యూజియానికి చేరినది. అందువల్ల ఆ దుబాసి ఏ ఊళ్లో, ఏ ఇంట్లో ఉండేవాడో తెలుసుకునే దారి మూసుకుపోయింది. ఆ నష్టం తలుచుకున్నప్పుడల్లా బాధ కలుగుతుంది.

రెండోది ఒక తగవు తీర్పు. లు-సున్‌జిదా అనే మెలుహ్హా మనిషి, ఘర్షణలో ఒకరి పన్ను విరగగొట్టినందుకు 10 షెకెళ్ల (షెకెల్ అక్కడి తూకం) వెండి చెల్లించాడని ఒక మట్టిపలక చెబుతోంది. చూడండి, అతని పేరు సుమేరు పేరు, అంటే దక్షిణ మెసొపొటేమియావారి పేరు. ఆ తరువాత, క్రీ.పూ. 21వ శతాబ్దపు పలకలలో, లగాష్ ప్రాంతంలో మెలుహ్హా గ్రామం అనే ఊరే కనిపిస్తుంది. ఓడలలో వచ్చి పోయినవారి సంతతి అక్కడి పేర్లు పెట్టుకుని, అక్కడి పొలాలు దున్నుకుంటూ ఉండిపోయారు.

జంతువుల సాక్ష్యం కూడా ఉంది. బాగ్దాదుకు దగ్గరలోని టెల్ అస్మర్‌లో హెన్రీ ఫ్రాంక్‌ఫర్ట్ తవ్వకాలలో దొరికిన దొర్లింపు ముద్ర మీద ఏనుగు, ఖడ్గమృగం, ఘరియల్ మొసలి ఊరేగింపుగా నడుస్తున్నాయి. ఆ మూడూ మెసొపొటేమియా జంతువులు కావు, మూడూ సింధు ముద్రల మీద కనిపించేవే. అక్కాద్ రాజు షర్కలిషర్రి లేఖకుడైన ఇబ్ని-షర్రుమ్ ముద్ర మీద నీటిగేదెలు అద్భుతంగా చెక్కి ఉన్నాయి. ఒక కాలపు ముద్రల మీద హఠాత్తుగా కనిపించి, తరువాత మళ్లీ మాయమైపోయే ఈ గేదెలు తూర్పు నుంచి ఓడలలో వెళ్లినవేనని చాలామంది భావిస్తున్నారు.

తరగతిలో ఒక జాగ్రత్త తీసుకోండి. వెయ్యేళ్లకు పైగా గడిచాక, అస్సీరియా రాజుల శాసనాలలో మెలుహ్హా అంటే ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నుబియా ప్రాంతం. ఒకే పేరు వేరువేరు కాలాలలో వేరువేరు దేశాలను సూచించింది. క్రీ.పూ. మూడవ సహస్రాబ్దపు శాసనాల వరకు మాత్రమే మెలుహ్హా మనది అని చెప్పడం సబబు.

ప్రశ్న: సింధు ముద్రల మీది భాష తెలుగేనని ఒక వీడియోలో విన్నాను. నిజమేనా? (ఒక విద్యార్థి, హైదరాబాదు)

జవాబు: కాదు. అది తెలుగు అయ్యే వీలు కూడా లేదు. మనకు దొరికిన మొదటి తెలుగు వాక్యాల శాసనమైన కలమళ్ల శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది, సింధు ముద్రలు దానికంటే సుమారు రెండున్నర వేల నుంచి మూడు వేల ఏళ్లు పాతవి. అంత పాత కాలంలో తెలుగు, తమిళం, కన్నడం విడిగా ఉన్నాయని భాషాశాస్త్రం చెప్పదు.

ద్రావిడ భాషలన్నింటికీ మూలమైన భాష అయి ఉండవచ్చునా అన్నది వేరే ప్రశ్న, గంభీరమైన ప్రశ్న. ఫాదర్ హెరాస్, ఆ తరువాత ఆస్కో పార్పొలా, ఐరావతం మహాదేవన్ అవునని వాదించారు. చేపను పోలిన గుర్తు ముద్రల మీద ఎక్కువగా కనిపిస్తుంది. ద్రావిడ భాషలలో 'మీన్' అంటే చేప, అదే మాటకు నక్షత్రమన్న అర్థం కూడా ఉంది. అందువల్ల చేప గుర్తు నక్షత్రాన్ని, తద్వారా దేవతల పేర్లను సూచిస్తుందని వారి ఊహ. వినడానికి ఎంతో అందంగా ఉన్న ఈ ఊహను రుజువు చేసే రెండు భాషల శాసనం ఏదీ ఇంతవరకు దొరకలేదు. మరోవైపు ఎస్.ఆర్. రావు అది ఆర్యభాష అని చదివారు. అది అసలు లిపే కాదని 2004లో ముగ్గురు పండితులు రాస్తే, గుర్తుల వరుసలో భాషకుండే క్రమం కనిపిస్తోందని 2009లో రాజేశ్ రావు, మహాదేవన్ తదితరులు గణితం సాయంతో వాదించారు.

చదవడం ఇంత కష్టం కావడానికి కారణం రాతలు మరీ పొట్టివి కావడం. మహాదేవన్ 1977లో ప్రచురించిన పట్టికలో 417 గుర్తులున్నాయి. ఒక్కొక్క ముద్ర మీద సగటున ఐదు గుర్తులు మాత్రమే ఉంటాయి. ఐదు అక్షరాల రబ్బరు స్టాంపులు చూసి ఒక భాష వ్యాకరణం రాయమంటే ఎంత కష్టమో ఊహించుకోండి. చదివినవారికి పది లక్షల డాలర్ల బహుమతి ఇస్తామని తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించింది. వీడియోలలో రోజుకొకరు చదివేస్తున్నారంటే, గట్టి నిరూపణ దొరికిందని అర్థం కాదు. అయితే వర్తక సంబంధాల విషయానికి ఈ చదువు అడ్డం కాదు. ముద్ర మీది పేరు చదవలేకపోయినా, ఆ ముద్ర ఏ మూట మీద పడిందో, ఆ మూట ఏ ఊళ్లో విప్పారో మట్టి చెబుతూనే ఉంది.

ప్రశ్న: మాది బేతంచెర్ల. సింధు ముద్రలు మా దగ్గర దొరికే బలపపు రాయితోనే చేశారని చదివాను. గోటితో గీస్తే గీత పడే రాయి ఇన్ని వేల ఏళ్లు ఎలా నిలిచింది? (ఒక పాఠకుడు, నంద్యాల జిల్లా)

జవాబు: రాయి జాతి అదే, స్టియటైట్ అని శాస్త్రజ్ఞులు పిలిచేది మన బలపపు రాయినే. మీ ప్రాంతపు రాయి సింధు నగరాలకు వెళ్లిందనడానికి మాత్రం ఆధారం లేదు. వారికి తమ చుట్టుపక్కల కొండలలోనే అది దొరికేది.

మెత్తదనమే దాని గొప్పతనం. రంపంతో కోసి, వెనకవైపు తాడు దూర్చడానికి బుడిపె మలిచి, ముందువైపు బొమ్మ చెక్కేవారు. ఆ తరువాత పైన క్షారపూత వేసి ఆవంలో పెట్టి బాగా కాల్చేవారు. వేడికి రాతిలోని నీరు పోయి, దాని స్వరూపమే మారి, గోరు కాదు కత్తి కూడా దిగనంత గట్టిపడుతుంది. పూత తెల్లగా మెరుస్తుంది. రెండున్నర సెంటీమీటర్ల చతురస్రంలో ఎద్దు గంగడోలు ముడతలు సైతం కనిపించేలా, అదీ మట్టి మీద పడ్డప్పుడు సరిగా ఉండేలా తిరగేసి చెక్కిన ఆ పనివారిని తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ప్రశ్న: సింధు ముద్ర అని చెప్పి ఒకరు నాకు అమ్మజూపుతున్నారు. కొనవచ్చునా? (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: కొనవద్దు. చాలావరకు అవి కొత్తగా చేసినవే అయి ఉంటాయి. నిజమైనదైతే, అది నమోదు కావలసిన పురావస్తువు. 1972 నాటి పురావస్తు చట్టం దాన్ని దేశం దాటించడాన్ని నిషేధిస్తుంది, అమ్మకానికి లైసెన్సు కావాలంటుంది. చట్టం మాట అటుంచినా, ఏ దిబ్బలో ఏ పొరలో దొరికిందో తెలియని ముద్ర పై జవాబులలో చెప్పిన సంగతులలో ఒక్కటీ చెప్పలేదు. 2003 ఏప్రిల్‌లో బాగ్దాదు మ్యూజియం దోపిడీకి గురైనప్పుడు పోయిన సుమారు 15,000 వస్తువులలో దాదాపు 5,000 దొర్లింపు ముద్రలే. గుప్పిట్లో దాచగలిగినంత చిన్నవి కావడం వాటి పాలిట శాపమైంది. కొనేవారు ఉన్నంతకాలం దిబ్బలు తవ్వి పాడుచేసేవారు ఉంటారు.

ప్రశ్న: ముద్రలతో వర్తకం ఇంతగా సాగుతున్న కాలంలో మన తెలుగు నేల మీద ఏమి జరుగుతోంది? మన దగ్గర ఇటువంటివి దొరికాయా? (ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్)

జవాబు: మీ జిల్లా పాత సరిహద్దులలోని ఉట్నూరులోనే దీనికి జవాబుంది. అక్కడి బూడిద దిబ్బను 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వి, అది పశువుల దొడ్డిలో పోగుపడిన పేడ మళ్లీ మళ్లీ కాలడం వల్ల ఏర్పడిందని తేల్చారు. దుంగలు పాతి కట్టిన దొడ్ల ఆనవాళ్లూ, ఆవుల గిట్టల జాడలూ ఆ బూడిదలో దొరికాయి. మొహెంజొదారోలో ముద్రలు చెక్కుతున్న కాలానికి కాస్త అటూ ఇటూగా ఇక్కడ మందలు కాసుకుంటూ, నున్నని రాతిగొడ్డళ్లు వాడుకుంటూ బతికినవారున్నారు. వారికి ముద్రలు లేవు. అది తక్కువతనమని నేను అనుకోను. మందను ఎదుట ఉండి కాసుకునేవానికి ముద్ర అవసరం రాలేదు.

సింధు రాత మనకు అతి దగ్గరగా వచ్చినది గోదావరి లోయలో, మహారాష్ట్రలోని దైమాబాద్ దగ్గర. గోదావరికి ఉపనది అయిన ప్రవర ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో సింధు గుర్తులున్న బొత్తాము వంటి మట్టిముద్రలు బయటపడ్డాయి. అంతకు దిగువకు, తెలుగు నేలకు, ఆ రాత రాలేదు.

మన దగ్గర దూరదేశపు సంబంధాలను చెప్పే సాక్ష్యం రెండు వేల ఏళ్లు ఆలస్యంగా, శాతవాహనుల కాలంలో మొదలవుతుంది. సంగారెడ్డి జిల్లా కొండాపురంలో రోమన్ నాణేలను అచ్చుగా ఒత్తి చేసిన మట్టిబిళ్లలు దొరికాయి. తాడు గుచ్చుకోవడానికి వీలుగా వాటికి కొక్కెమో రంధ్రమో ఉండేది. రోము నాణెం మీది చక్రవర్తి ముఖం ఇక్కడి వారికి నగ అయింది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ ఉంది. అవి వేరే ఓడలు, వేరే రేవులు. మెలుహ్హా కథతో వాటిని కలిపి చెప్పకూడదు.

ప్రశ్న: లిపి చదవలేనప్పుడు, రాజుల పేర్లు తెలియనప్పుడు, సింధు ముద్రలకు క్రీ.పూ. ఇన్నేళ్లు అని కాలం ఎలా కట్టారు? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: మొదట్లో కట్టలేకపోయారు. హరప్పా ముద్రను మొదటిసారి 1875లో ప్రకటించిన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్, దాని మీది ఎద్దుకు మూపురం లేదు కాబట్టి అది భారతదేశానికి పరాయిదని రాసి ఊరుకున్నారు. 1924 సెప్టెంబరు 20న జాన్ మార్షల్ లండన్ పత్రిక ఒకదానిలో హరప్పా, మొహెంజొదారో ముద్రల ఫొటోలు ప్రచురించినప్పుడు కూడా వాటి వయసు చెప్పలేకపోయారు. ఆ ఫొటోలు చూసిన ఎ.హెచ్. సేస్, వారం తిరగకుండా అదే పత్రికకు ఉత్తరం రాస్తూ, ఇటువంటివి ఇరాన్‌లోని సూసాలో దొరికాయనీ, అవి క్రీ.పూ. మూడవ సహస్రాబ్దానివనీ గుర్తుచేశారు. ఆ మరుసటి సంవత్సరమే, ఇరాక్‌లోని కిష్‌లో దొరికిన ఒంటికొమ్ము జంతువున్న చతురస్రపు సింధు ముద్రను ఎర్నెస్ట్ మెకే ప్రకటించారు. అప్పటిదాకా మౌర్యుల కాలానికి ముందు ఖాళీగా కనిపించిన మన చరిత్ర ఒక్కసారిగా రెండు వేల ఏళ్లు వెనక్కి జరిగింది. బొగ్గు, ఎముక వంటివాటి వయసు కట్టే రేడియోకార్బన్ పద్ధతి పుట్టక ముందే, పరాయి నేల మీద దొరికిన మన ముద్రలు మన కాలాన్ని మనకు చెప్పాయి.

దిల్మున్ ముద్రల కాలం ఇంకా కచ్చితంగా తేలింది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ సేకరణలో క్యూనిఫాం అనే మెసొపొటేమియా మేకుల లిపిలో రాసిన ఒక మట్టిపలక ఉంది. దాని మీద మెసొపొటేమియాలోని లార్సా రాజు గుంగునుమ్ పదవ పాలనా సంవత్సరపు తేదీ వేసి ఉంది. పండితులు ఎక్కువగా వాడే లెక్క ప్రకారం అది క్రీ.పూ. 1923. ఆ పలక మీద ఒత్తిన ముద్ర గుండ్రనిది, దిల్మున్‌ది. బ్రిగ్స్ బుకానన్ 1967లో దాన్ని గుర్తించి ప్రకటించేవరకు అది మిగిలిన పలకల మధ్య ఒకటిగా పడి ఉంది. లోథల్ దిబ్బ మీద దొరికిన గుండ్రని ముద్రకు పొర లేదని మొదటి జవాబులో రాశాను. దాని వయసును మనం అంచనా వేస్తున్నది ఇటువంటి తేదీగల పలకనూ, బహ్రెయిన్‌లో పొరల నుంచి తీసిన ముద్రలనూ పక్కన పెట్టుకుని పోల్చి చూసే.